తప్పు ఆప్షన్ చెప్పే సంగతులు: బడి పరీక్షలకు ఆన్‌లైన్ ఫారాలు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు జరుగుతూ వచ్చాయి. ఉపాధ్యాయుల నోట అవి ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు. ఎఫ్‌ఏకు కేటాయించిన 20 మార్కుల్లో 5 మార్కులు స్లిప్ టెస్ట్ అనే చిన్న పరీక్షవి. మార్కులు ఐదే అయినా పని ఐదు మార్కులది కాదు. హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాలలో మూడు సెక్షన్లకు, సెక్షన్‌కు 40 మంది చొప్పున, ఒకే సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయుడు పది బిట్ల స్లిప్ టెస్ట్ పెడితే దిద్దవలసిన జవాబులు 1,200 అవుతాయి. వాటిని దిద్ది, కూడి, రిజిస్టరులో ఎక్కించేసరికి పాఠం రెండు యూనిట్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పంపి జవాబులు సేకరించే గూగుల్ ఫారమ్స్, మైక్రోసాఫ్ట్ ఫారమ్స్ వంటి ఉచిత సాధనాలు ఉపాధ్యాయులను మొదట ఆకర్షించేది ఇక్కడే: విద్యార్థి జవాబు పంపిన క్షణంలోనే మార్కు పడిపోతుంది. అయితే దిద్దే శ్రమ తగ్గడం ఈ సాధనాలు ఇచ్చే ప్రయోజనాల్లో చిన్నది. ఎవరు ఏ తప్పు చేశారో, ఆ తప్పు ఎంతమందిది ఒకటేనో మరునాటి పాఠానికి ముందే తెలియడం పెద్దది. కాగితం మీద అది తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు గానీ, 1,200 జవాబులను ప్రశ్నలవారీగా, ఆప్షన్‌లవారీగా లెక్కగట్టే తీరిక ఏ ఉపాధ్యాయుడికీ ఉండదు.

ఈ సాధనాలు బడులకు పరిచయమైన తీరు వాటి వాడకం మీద ఇప్పటికీ ప్రభావం చూపుతోంది. గూగుల్ ఫారమ్స్‌లో క్విజ్ సదుపాయం 2016లోనే వచ్చినా, తెలంగాణ బడుల్లో ఎక్కువమందికి అది కంటపడింది కరోనా కాలంలో. 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు, పిల్లలు పాఠం చూశారో లేదో తెలుసుకోవడానికి వర్క్‌షీట్లు, వాట్సాప్ గ్రూపులు, వాటితోపాటు ఫారం లింకులు వాడుకలోకి వచ్చాయి. అంటే ఫారం మొదట హాజరు పట్టీగా, ఆ తర్వాతే పరీక్షగా పరిచయమైంది. పేరు, ఊరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు అన్నీ అడిగి, చివర నాలుగు ప్రశ్నలు పెట్టే అలవాటు ఆనాటిదే. క్విజ్ సెట్టింగ్ ఆన్ చేయకుండా మామూలు ఫారంగానే పంపి, వచ్చిన జవాబులను షీట్‌లో, అంటే కంప్యూటర్ పట్టికలో, తెరిచి ఒక్కొక్కటిగా చేత్తో దిద్దే పద్ధతి కూడా కొన్నిచోట్ల నిలిచిపోయింది. కాగితం పోయింది, శ్రమ మాత్రం మిగిలింది.

పని తీరు చూస్తే సాధనం సరళమైనదే. సెట్టింగ్‌లలో క్విజ్‌గా మార్చగానే ప్రతి ప్రశ్న కింద కీ ఇచ్చే చోటు వస్తుంది. అక్కడ సరైన జవాబును గుర్తించి, పాయింట్లు కేటాయించాలి. ఒప్పు జవాబు ఇచ్చినవారికి ఒకటి, తప్పు జవాబు ఇచ్చినవారికి ఒకటి చొప్పున వివరణలు రాయవచ్చు. ఆ వివరణలో వీడియో గానీ లింకు గానీ జతచేయవచ్చు కాబట్టి, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ తెరిచే, ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలోని పాఠాన్నే అక్కడ పెట్టవచ్చు. మార్కులను వెంటనే చూపాలా, ఉపాధ్యాయుడు పరిశీలించాక చూపాలా అన్నది మరొక సెట్టింగ్. ప్రశ్నల వరుసను, ఆప్షన్ల వరుసను ఒక్కో విద్యార్థికి ఒక్కో రకంగా మార్చే వీలుంది. జవాబులన్నీ ఒక షీట్‌లో వరుసగా, పంపిన సమయంతో సహా చేరతాయి. ఇంతవరకు పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. ఆ తర్వాత కావలసింది ప్రశ్న రాసే నేర్పు. అది సాఫ్ట్‌వేర్ ఇచ్చేది కాదు.

బిట్ అనగానే ప్రశ్న మీద, సరైన జవాబు మీద దృష్టి పెట్టి, మిగిలిన మూడు ఆప్షన్లను ఏదో ఒకటి రాసి నింపడం మామూలు. గైడ్లలో, క్వశ్చన్ బ్యాంకుల్లో కనిపించే బిట్లలో చాలావాటిని ఇలాగే తయారుచేస్తారు. కాగితం మీద దీనివల్ల పెద్ద నష్టం కనిపించదు, ఎందుకంటే అక్కడ తప్పు అంటే తప్పే, సున్నా అంటే సున్నాయే. ఫారంలో మాత్రం ప్రతి తప్పు ఆప్షన్ పక్కన ఒక సంఖ్య వచ్చి కూర్చుంటుంది. ఆ సంఖ్యకు అర్థం ఉండాలంటే ఆ ఆప్షన్‌కు ఒక కారణం ఉండాలి. ఒక ఉదాహరణ చూద్దాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో క్వింటా పత్తి ధర 7,000 రూపాయలు ఉండగా ఒక వారం 10 శాతం పెరిగి, మరుసటి వారం 10 శాతం తగ్గింది; ఇప్పుడు ధర ఎంత? సరైన జవాబు 6,930. ఆప్షన్లుగా 7,000, 6,300, 7,700 ఇస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క ఆలోచనను పట్టిస్తుంది. పెరిగిన శాతం, తగ్గిన శాతం ఒకటే కాబట్టి రెండూ కొట్టుకుపోతాయని నమ్మినవారు 7,000 ఎంచుకుంటారు. తగ్గుదలను మాత్రమే, అదీ పాత ధర మీద లెక్కించినవారు 6,300 దగ్గర ఆగుతారు. లెక్కను సగంలో వదిలినవారిది 7,700. మొదటివారికి శాతం అనేది దేనిమీద తీస్తున్నామో దానిపై ఆధారపడుతుందన్న ఊహ అందలేదు. మూడోవారికి ఊహ అందింది, ప్రశ్నను చివరిదాకా చదవలేదు. ఇద్దరికీ కాగితం మీద సున్నాయే పడేది. ఇద్దరికీ చెప్పవలసిన పాఠం మాత్రం ఒకటి కాదు. అదే ప్రశ్నకు 6,930 పక్కన 6,940, 6,950, 6,920 అని ఆప్షన్లు పెడితే కూడికలో పొరపాటు తప్ప మరేమీ బయటపడదు.

సాంఘిక శాస్త్రంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాలంపేట రామప్ప గుడిని కట్టించినది ఎవరు అన్న ప్రశ్నకు ములుగు, వరంగల్ పిల్లలందరికీ ఏదో ఒక జవాబు తెలిసే ఉంటుంది. ఆప్షన్లు రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడు, రుద్రదేవుడు, రామప్ప అనుకుందాం. సరైనది కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడిని ఎంచుకున్న విద్యార్థికి కాలం సరిగానే తెలుసు, నిర్మాణం 1213 నాటిదని, అప్పటి రాజు ఎవరని అతడు ఎరుగును. రాజుకూ, కట్టించిన సేనానికీ మధ్య తేడా చూడలేదు. రుద్రదేవుడిని ఎంచుకున్నవారు 1163లో వేయిస్తంభాల గుడిని కట్టించిన రాజును, అర్ధశతాబ్దం తర్వాతి సేనానిని పేరు పోలికవల్ల ఒకటి చేశారు. రామప్ప అన్నవారు గుడి శిల్పి పేరుతోనే ప్రసిద్ధమైందన్న మాటను విని, అక్కడే నిలిచారు. ఈ మూడింటిలో ఏది ఎక్కువగా వచ్చిందన్నది చూసి మరునాడు వంశవృక్షం గీయాలా, కట్టించినది సేనాని అని చెప్పే శాసనం సంగతి చెప్పాలా, పేరు వెనుక కథ చెప్పాలా అన్నది తేల్చుకోవచ్చు. ఇదే ప్రశ్నకు అక్బర్, అశోకుడు, శివాజీ అని ఆప్షన్లు ఇచ్చిన ఫారంలో నూటికి నూరుమందీ సరిగా గుర్తిస్తారు. మార్కులు చూసి సంతోషించవచ్చు, అంతకుమించి అందులో తెలిసేది ఏమీ ఉండదు.

ఇక్కడ రెండు సాధనాల మధ్య ఒక తేడా పనికివస్తుంది. గూగుల్ ఫారంలో తప్పు జవాబులన్నింటికీ కలిపి ఒకే వివరణ రాయగలం. మైక్రోసాఫ్ట్ ఫారంలో ఆప్షన్‌కు ఒకటి చొప్పున వేరువేరు సందేశాలు పెట్టవచ్చు. 7,000 ఎంచుకున్నవారికి ఒక మాట, 6,300 ఎంచుకున్నవారికి మరొక మాట చెప్పవచ్చు. గూగుల్ ఫారంలో ఈ పని కావాలంటే ఎంచుకున్న ఆప్షన్‌ను బట్టి ఫారంలోనే వేరే సెక్షన్‌కు, అంటే వేరే భాగానికి, పంపే ఏర్పాటును వాడుకోవాలి. అది సాధ్యమే గానీ పది ప్రశ్నలకు చేస్తే ఫారం చిక్కుపడిపోతుంది. పాఠంలో అతి ముఖ్యమైన ఒక్క ప్రశ్నకు మాత్రం చేయడం మేలు.

వివరణ రాయడం అదనపు అలంకారం కాదని పరిశోధన చెబుతోంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే చదివాక దాన్ని జ్ఞాపకం తెచ్చుకుని రాసినవారు వారం తర్వాత ఎక్కువ గుర్తుంచుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మాత్రం మళ్లీ చదివినవారిదే పైచేయి. కాబట్టి స్లిప్ టెస్ట్ కొలమానం మాత్రమే కాదు, అదే ఒక చదువు. అయితే బిట్లకు ఒక ప్రమాదం ఉంది. నాలుగు ఆప్షన్లలో తప్పు దాన్ని ఎంచుకున్న విద్యార్థి, ఎవరూ సరిచేయకపోతే, ఆ తప్పునే నిజమని గుర్తుపెట్టుకోవచ్చు. రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ 2005లో ఈ దుష్ఫలితాన్ని చూపారు. ఆండ్రూ బట్లర్‌తో కలిసి రోడిగర్ 2008లో చేసిన అధ్యయనంలో సరైన జవాబు చెప్పడంవల్ల అది తగ్గినట్టు తేలింది. నమ్మదగిన తప్పులను ఆప్షన్లుగా పెట్టిన ఉపాధ్యాయుడు వాటిని సరిదిద్దకుండా వదిలేస్తే బిట్లు పెట్టకపోవడమే నయం.

సరిదిద్దడం ఎప్పుడు అన్న దగ్గర ఒక పీటముడి పడుతుంది. మార్కులు, సరైన జవాబులు వెంటనే కనిపించేలా పెడితే మొదట పంపిన విద్యార్థి ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ ఐదు నిమిషాల్లో గ్రూపంతా తిరుగుతుంది. తర్వాత చూపేలా పెడితే ఫారం ఈమెయిల్ చిరునామాలు సేకరించి, ఫలితాన్ని ఈమెయిల్‌కు పంపుతుంది. ఎనిమిదో తరగతి పిల్లల్లో ఎక్కువమందికి ఈమెయిల్ ఉండదు, తండ్రి ఫోన్‌లో ఉన్న దాన్ని ఎవరూ తెరవరు. దీనికి సాధనంలో పరిష్కారం లేదు, తరగతి గదిలో ఉంది. జవాబులను దాచి ఉంచి, మరుసటి పీరియడ్‌లో ప్రశ్నలవారీ సారాంశాన్ని తరగతిలోని డిజిటల్ తెర (ఇంటరాక్టివ్ ప్యానెల్) మీద తెరిచి, పేర్లు లేని గ్రాఫ్ పట్టీలను చూపుతూ, ఈ ఆప్షన్‌ను ఇంతమంది ఎందుకు ఎంచుకున్నారో పిల్లలతోనే చెప్పించడం అన్నింటికంటే మంచి పద్ధతి. ఫారం వివరణ చదవని పిల్లవాడు కూడా ఆ చర్చ వింటాడు.

సంఖ్యలను చదివేటప్పుడు అదృష్టం వాటాను తీసివేయడం మరవకూడదు. నాలుగు ఆప్షన్ల పది బిట్లలో ఏమీ చదవకుండా గుడ్డిగా గుర్తుపెట్టేవారికి సగటున రెండున్నర ఒప్పు పడతాయి. అలాంటివారిలో ఐదు లేదా అంతకుమించి తెచ్చుకునేవారు దాదాపు 8 శాతం ఉంటారు, అంటే 40 మంది తరగతి మొత్తం గుడ్డిగా పెట్టినా ముగ్గురు సగం మార్కులు తెచ్చుకుంటారు. తప్పొప్పుల ప్రశ్నలైతే ఆ సంఖ్య 62 శాతానికి, అంటే పాతికమందికి పెరుగుతుంది. అదే నాలుగు ఆప్షన్ల బిట్లు ఇరవై ఉంటే సగం మార్కులు అదృష్టంతో రావడం 1.4 శాతానికి పడిపోతుంది. తప్పొప్పుల ప్రశ్నలు పది పెట్టి పిల్లల స్థాయి తేల్చేయడం ఎంత తేలికో, అంత పనికిమాలినది. మైనస్ మార్కుల పద్ధతి గూగుల్ ఫారంలో నేరుగా లేదు, షీట్‌లో సూత్రం రాసుకోవాలి. బడి స్థాయిలో దాని అవసరమూ కనిపించదు, అది నేర్పేది తప్పుతుందన్న భయంతో ప్రశ్నను వదిలేయడమే.

గూగుల్ ఫారం సారాంశంలో సగటు, మధ్యస్థం, వ్యాప్తి కనిపిస్తాయి, ఎక్కువమంది తప్పిన ప్రశ్నల జాబితా విడిగా వస్తుంది. అక్కడితో ఆగకుండా షీట్‌లో మరొక్క అడుగు వేయవచ్చు. మొత్తం మార్కుల ప్రకారం పిల్లల వరుస పేర్చి, పైనుంచి 27 శాతం మందిని, కిందినుంచి 27 శాతం మందిని తీసుకుని, ఒక్కో ప్రశ్నను ఆ రెండు గుంపుల్లో ఎంతమంది సరిగా చేశారో పోల్చాలి. 27 శాతం అన్న కొలతను గణాంక నిపుణుడు ట్రూమన్ కెల్లీ 1939లో ప్రతిపాదించాడు. 40 మంది తరగతిలో గుంపుకు 11 మంది వస్తారు. ఒక ప్రశ్నను పై గుంపులో 9 మంది, కింది గుంపులో 3 మంది సరిగా చేస్తే తేడా 6, దాన్ని 11తో భాగిస్తే 0.55. చదివినవారికీ చదవనివారికీ మధ్య తేడాను ఆ ప్రశ్న బాగా పట్టిందని అర్థం. సున్నాకు దగ్గరగా వస్తే ప్రశ్న అందరికీ తెలిసినదో, అందరికీ తెలియనిదో, అర్థంకానిదో అయి ఉండాలి. సున్నాకంటే తక్కువ వచ్చిందంటే బాగా చదివేవారు తప్పి, చదవనివారు ఒప్పు చేశారన్నమాట; అప్పుడు అనుమానించవలసింది పిల్లలను కాదు, కీని. రామప్ప ప్రశ్నకు ఉపాధ్యాయుడు పొరపాటున గణపతిదేవుడిని కీగా పెట్టి ఉంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. శాసనం సంగతి తెలిసినవారంతా మార్కు కోల్పోతారు. పదకొండుమంది చాలా చిన్న గుంపు కాబట్టి ఒకరిద్దరి తేడాకు తీర్పులు చెప్పకూడదు; పెద్ద తేడాలు మాత్రం నిజమే చెబుతాయి.

కొన్నిసార్లు ఇరు గుంపులూ ఒకే తప్పు దగ్గర చేరతాయి. కుంభాకార కటకం సగభాగాన్ని నల్ల కాగితంతో మూస్తే తెర మీద ప్రతిబింబం ఎలా ఉంటుందన్న ప్రశ్న అలాంటిది. కటకంలోని ప్రతి భాగమూ పూర్తి ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది కాబట్టి బొమ్మ పూర్తిగానే ఉంటుంది, వెలుగు తగ్గుతుంది. సగం బొమ్మే వస్తుందన్న ఆప్షన్ బాగా చదివేవారిని కూడా లాగుతుంది. ఒక ఆప్షన్ ఇలా తరగతి మొత్తాన్ని లాక్కుందంటే చెప్పిన పాఠాన్ని మళ్లీ చెప్పి లాభం లేదు. ప్రయోగశాలలోని కటకాన్ని, కొవ్వొత్తిని, నల్ల కాగితాన్ని తరగతికి తెచ్చి చూపవలసిందే.

తెలుగులో ప్రశ్నలు రాసేవారికి విడిగా కొన్ని చిక్కులున్నాయి. ఇంగ్లీషులో రాసేవారికి ఇవి ఎదురుకావు. కొద్ది మాటల్లో జవాబు రాసే ప్రశ్నకు ఫారం మార్కు వేసేది, విద్యార్థి రాసిన అక్షరాలు కీలో ఉన్న అక్షరాలతో సరిపోలితేనే. కాకతీయులు హనుమకొండ నుంచి రాజధానిని ఎక్కడికి మార్చారన్న ప్రశ్నకు ఓరుగల్లు, ఓరుగల్, వరంగల్, వరంగల్లు, ఏకశిలానగరం అన్నీ తరగతిలో వినిపించే జవాబులే. కీలో అన్నింటినీ చేర్చవచ్చు. అయినా చివర చుక్క పెట్టినవారు, ఊరిపేరు తర్వాత 'కు' చేర్చినవారు తప్పుతారు. ఇంకా విచిత్రమైనది కంటికి కనిపించని తేడా. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు పొల్లును విడిగా నిలపడానికి ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండు 'వరంగల్'లూ ఒక్కలాగే కనిపిస్తాయి, యంత్రానికి అవి వేరు మాటలు. అందువల్ల తెలుగులో మాట రాయించే ప్రశ్నలను యంత్రానికి వదలకుండా ఉపాధ్యాయుడే చూడాలి, లేదా ఆ ప్రశ్నను ఆప్షన్లలోకి మార్చాలి. లెక్కల జవాబులకు సంఖ్య మాత్రమే అంగీకరించే షరతు పెట్టి, కామా, రూపాయి గుర్తు రాయవద్దని ప్రశ్నలోనే చెప్పాలి.

రెండో చిక్కు ఫాంట్లది. పాత ప్రశ్నపత్రాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టినవి. అక్కడినుంచి కాపీ చేసి ఫారంలో అతికిస్తే అర్థంలేని గుర్తుల వరుస వస్తుంది, ఎందుకంటే అవి అన్ని యంత్రాలూ గుర్తించే యూనికోడ్ అక్షరాలు కావు. మార్పిడి చేసే సాధనాలు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర మళ్లీ చదివి సరిచూడక తప్పదు. ఈ బాధ ఎందుకని పేపర్‌నే ఫోటో తీసి ప్రశ్నగా పెట్టడం తేలిక. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో ఆ ఫోటోలు తెరుచుకోవు, చూపు తక్కువ ఉన్న పిల్లలకు ఫోన్ వాటిని చదివి వినిపించలేదు. లెక్కల సమీకరణాలకు, పటాలకు మాత్రం గూగుల్ ఫారంలో ఫోటోలే గతి.

మూడోది, ఆప్షన్ల వరుస మార్చే సెట్టింగ్. మన బిట్లలో 'పైవన్నీ', 'పైవేవీ కావు', 'ఎ మరియు బి' అన్న ఆప్షన్లు విరివిగా ఉంటాయి. వరుస మారినప్పుడు 'పైవన్నీ' అన్నది మొదటి ఆప్షన్‌గా వచ్చి, దానిపైన ఏమీ లేకుండా నిలుస్తుంది. గద్యభాగం ఇచ్చి దానికింద ఐదు ప్రశ్నలు పెట్టినచోట ప్రశ్నల వరుస మారితే భాగం ఒకచోట, ప్రశ్నలు ఒకచోట పడతాయి. ఒకటికంటే ఎక్కువ జవాబులు గుర్తించే ప్రశ్నల్లో అన్నీ సరిగా గుర్తిస్తేనే మార్కు, మూడింట రెండు సరైనవైనా సున్నాయే అన్నది కూడా ముందే తెలిసి ఉండాలి.

2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలై, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాక ప్రశ్న ఏ భాషలో ఉండాలన్నది కూడా తేల్చుకోవలసిన విషయమైంది. మొదట భాష ఎంచుకోమని, ఎంచుకున్నదాన్ని బట్టి ఆ భాషా సెక్షన్‌కు పంపడం చూడటానికి నీటుగా ఉంటుంది. కానీ అప్పుడు ఒకే ప్రశ్న షీట్‌లో రెండు నిలువు వరుసలుగా చీలి, తరగతి మొత్తం చేసిన తప్పు రెండుగా విడిపోతుంది. ప్రశ్నను తెలుగులో, కింద వివరణ పంక్తిలో ఇంగ్లీషులో, ఆప్షన్‌లో రెండూ కలిపి ఇస్తే తెర కాస్త నిండుతుంది, లెక్క మాత్రం ఒక్కచోట ఉంటుంది. ఏటూరునాగారం, ఉట్నూరు ప్రాంతాల్లో కోయ, గోండి మాట్లాడే ఇళ్లనుంచి వచ్చే పిల్లలకు తెలుగు వాక్యమే రెండో భాష. అక్కడ ప్రశ్న ఒక్క వాక్యంలో, 'కానిది ఏది', 'సరికానిది గుర్తించండి' వంటి మెలికలు లేకుండా ఉండాలి. లేకపోతే ఫారం కొలిచేది విజ్ఞానశాస్త్రాన్ని కాదు, వాక్యాన్ని.

పరికరాల సంగతికొస్తే, ఫారం ఇంట్లో రాయించాలా బడిలో రాయించాలా అన్నదానిమీదే ఫలితం విలువ ఆధారపడుతుంది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, అది సాయంత్రం తండ్రి చేనునుంచి వచ్చాక గానీ పిల్లల చేతికి రాదు. ఒక్కరు ఒక్కసారే పంపాలన్న షరతు పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. ఒకే ఫోన్‌లో ఒకే తరగతి చదివే అన్నదమ్ముల పిల్లలిద్దరు రాస్తే రెండోవారికి తలుపు మూసుకుంటుంది. ఆ షరతు తీసేసి, రోల్ నంబరును జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టి, ఒకే నంబరు రెండుసార్లు వస్తే మొదటిదాన్ని లెక్కలోకి తీసుకోవడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది. లాగిన్ అయినవారికి సగంలో ఆగిన జవాబులు భద్రంగా ఉంటాయి, లాగిన్ లేనివారికి ఆ సౌకర్యం లేదు. అందువల్ల సిగ్నల్ వచ్చిపోయే తాడ్వాయి వంటి అటవీ మండలాలకు పది ప్రశ్నలు దాటని చిన్న ఫారమే తగినది.

బడిలో ఫోన్లు తేవద్దన్న నియమం ఉన్నచోట కంప్యూటర్ ల్యాబే దిక్కు. అదీ సరిపోకపోతే ఒకే ఫోన్‌తో నడిచే పద్ధతి ఒకటుంది. ప్లికర్స్ అనే సాధనంలో ప్రతి విద్యార్థికి ఒక కాగితం కార్డు ఇస్తారు. కార్డును ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అది ఎ, బి, సి, డి లలో ఒక జవాబు అవుతుంది. ఉపాధ్యాయుడు తన ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పితే జవాబులన్నీ నమోదవుతాయి. పక్కవాడి కార్డు చూసి తన కార్డు తిప్పుకోవడం కష్టం, ఎందుకంటే ఒక్కో కార్డు మీది గుర్తు ఒక్కో రకంగా ఉంటుంది. ఫోన్ లేని పిల్లలున్న తరగతికి గూగుల్ ఫారంకంటే ఇదే మెరుగు. కార్డులను ఒకసారి ముద్రించి అట్టలకు అతికించుకుంటే చాలు.

కాపీ విషయంలో భ్రమలు అక్కర్లేదు. గూగుల్ ఫారంలో సొంత గడియారం లేదు. పరీక్ష జరుగుతుండగా వేరే పేజీ తెరవకుండా ఆపే లాక్ సదుపాయం బడి యాజమాన్యం నియంత్రణలో ఉన్న క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లకే పరిమితం. మన బడుల్లో ఆ యంత్రాలు అరుదు. ప్రశ్నల నిధి నుంచి ఒక్కొక్కరికి వేరువేరు ప్రశ్నలు తీసి ఇచ్చే ఏర్పాటు ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ వంటి వ్యవస్థల్లో ఉంది, డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలలకు అది తగును, ఫారంలో లేదు. వరుస మార్చడంవల్ల 'మూడోదానికి బి' అని చెప్పుకోవడం ఆగుతుందే గానీ, జవాబు మాటను చెప్పుకోవడం ఆగదు. ఇంట్లో రాసిన ఫారం మార్కులను ఎఫ్‌ఏ రిజిస్టరులో ఎక్కించిన మరుక్షణం పిల్లలకు నిజం చెప్పే కారణం పోతుంది, తప్పు ఆప్షన్ల లెక్క కూడా అబద్ధమవుతుంది. మార్కులతో సంబంధం లేదని ముందే చెప్పిన ఫారంలోనే తప్పులు నిజాయితీగా బయటపడతాయి. రిజిస్టరుకు మార్కు కావాలంటే అదే ప్రశ్నలను కొద్దిగా మార్చి, చర్చ అయిన వారానికి, తరగతిలో కాగితం మీద పెట్టవచ్చు.

ఫారం అడగలేనివి కూడా ఉన్నాయి. పోతన పద్యానికి ప్రతిపదార్థం, సిద్ధాంత నిరూపణలో మెట్లు, గోదావరి పరీవాహక ప్రాంతాన్ని పటంలో గుర్తించడం, తన ఊరి చెరువు మీద పది వాక్యాలు ఏ ఆప్షన్లలోనూ ఇమడవు. పదో తరగతి ప్రశ్నపత్రంలో బిట్ల భాగంకంటే రాత జవాబుల భాగమే పెద్దది. ఫారం చేయడం తేలిక కాబట్టి వారం వారం బిట్లే పెడుతూ పోయిన తరగతిలో పిల్లలు గుర్తించడం నేర్చుకుంటారు, రాయడం మరచిపోతారు.

చివరగా సమాచార భద్రత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే పరిగణిస్తూ, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కీలకం చేసింది. స్లిప్ టెస్ట్‌కు కావలసింది రోల్ నంబరు, సెక్షన్, అంతే. ఆధార్, కులం, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అడగడానికి అక్కడ ఏ కారణమూ లేదు, పాత ఫారాన్ని కాపీ చేసుకున్నప్పుడు అవి వెంట వచ్చి ఉంటే తొలగించాలి. జవాబుల సారాంశాన్ని రాసినవారందరికీ చూపే సెట్టింగ్ ఆపి ఉంచాలి. అది తెరిచి ఉంటే తరగతి మొత్తం రాసినవి ఎవరైనా చూడవచ్చు. లింకు ఉన్న ప్రతివారూ చూడగలిగేలా షీట్‌ను తెరిచి, ఆ లింకును తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడం గోడకు మార్కుల జాబితా అతికించడంకంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే గోడ మీది కాగితం ఊరు దాటదు.

ఈ ఫారాలు ఎక్కువగా ఉపాధ్యాయుల సొంత ఖాతాల్లో ఉంటున్నాయి. బదిలీ మీద ఒకరు జనగామ నుంచి మహబూబాబాద్ వెళ్లగానే ఆ బడి పిల్లల రెండేళ్ల తప్పుల చరిత్ర కూడా ఆయనతో వెళ్లిపోతుంది, కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. బడి పేరున ఒక ఖాతా తెరిచి, సబ్జెక్టువారీగా ఫారాలను అందులో ఉంచి, విద్యాసంవత్సరం ముగిశాక రోల్ నంబర్లను షీట్లనుంచి తీసేసి, ప్రశ్నలను, ఆప్షన్లవారీ సంఖ్యలను మాత్రం దాచుకుంటే, కటకం ప్రశ్న దగ్గర ఏటేటా ఎంతమంది ఆగుతున్నారో వచ్చే జూన్‌లో ఆ తరగతికి వచ్చే ఉపాధ్యాయుడికి పాఠం మొదలుపెట్టకముందే తెలుస్తుంది.